పెద్దవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్: ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ఎందుకు ఆగాల్సి వస్తోంది?

ముప్పై, నలభై, యాభై ఏళ్ల వయసులో జీపీ (ఇంటి దగ్గరి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లి "నాకు ఆటిజం ఉందేమో అనిపిస్తోంది, చూపించుకోవాలి" అని అడిగేవాళ్లు ఇంగ్లండ్‌లో ఇప్పుడు చాలామంది. జీపీ నాలుగు ప్రశ్నలు అడిగి రిఫరల్ రాస్తారు. కొన్ని వారాలకు ఉత్తరం వస్తుంది. మీ పేరు వెయిటింగ్ లిస్టులో చేర్చాం, మీ వంతు రావడానికి చాలాకాలం పట్టొచ్చు, దయచేసి ఫోన్ చేసి అడగకండి అని ఉంటుంది. ఆ చాలాకాలం ఒక ఊళ్లో ఏడాది, పక్క ఊళ్లో మూడేళ్లు, ఇంకోచోట అంతకన్నా ఎక్కువ.

ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లెక్కల ప్రకారం, 2023 డిసెంబరు నాటికి ఆటిజం అనుమానంతో రిఫర్ అయి ఇంకా ఏదీ తేలని వాళ్లు 1,72,022 మంది. వాళ్లలో 1,47,070 మంది అప్పటికే 13 వారాలు దాటి ఎదురుచూస్తున్నారు. అంటే దాదాపు ప్రతి ఏడుగురిలో ఆరుగురు. ఏడాది తిరిగేసరికి మొత్తం సంఖ్య 2 లక్షలు దాటింది. ఇందులో పిల్లలూ పెద్దలూ ఇద్దరూ ఉన్నారు. పిల్లల గురించి కనీసం బడులు, తల్లిదండ్రులు అడుగుతారు. పెద్దవాళ్ల తరఫున అడిగేవాళ్లు తక్కువ, అందుకే ఈ వ్యాసం వాళ్ల గురించి.

బ్రిటన్‌లోని తెలుగువాళ్లకు ఇది దూరపు విషయం కాదు. చాలా ఇళ్లలో ఇది పిల్లల దగ్గర మొదలవుతుంది. బాబుకు ఆటిజం అని తేలుతుంది. ఆ రిపోర్టు చదువుతూ ఉంటే తండ్రికో తల్లికో తన చిన్నతనం కళ్లముందు కదులుతుంది. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అక్కణ్నుంచి "మరి నేను?" అనే ప్రశ్న, ఆ తర్వాత ఈ క్యూ.

అసెస్‌మెంట్ అంటే అసలు ఏం చేస్తారు

ఆటిజానికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడో చూసి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో విని, రెండింటినీ కలిపి నిపుణులు నిర్ణయానికి రావాలి. వాళ్లు చూసేవి ప్రధానంగా రెండు. ఒకటి, ఇతరులతో మాట్లాడటంలో, మెలగడంలో, మాటల వెనక ఉన్న భావం అందుకోవడంలో ఉండే తేడా. రెండోది, ఒకే పద్ధతిని పట్టుకుని ఉండటం, ఏదో ఒక విషయంలో విపరీతమైన ఆసక్తి, చప్పుళ్లు, వెలుతురు, వాసనలు, బట్టల స్పర్శ లాంటివి మిగతావాళ్లకంటే చాలా ఎక్కువగానో తక్కువగానో తెలియడం. ఇవి చిన్నప్పటినుంచీ ఉండాలి. రోజువారీ బతుకులో ఇబ్బంది పెడుతూ ఉండాలి.

జీపీ దగ్గర సాధారణంగా ఏక్యూ-10 అనే పది ప్రశ్నల కాగితం నింపిస్తారు. ఆరు లేదా అంతకన్నా ఎక్కువ మార్కులు వస్తే పూర్తి అసెస్‌మెంట్‌కు పంపాలా అని ఆలోచిస్తారు. ఇది రిఫరల్ కోసం పెట్టిన జల్లెడ మాత్రమే. ఇందులో ఎనిమిది వచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టూ కాదు, నాలుగు వచ్చినంత మాత్రాన లేనట్టూ కాదు.

అసలు అసెస్‌మెంట్‌లో పొడవైన ప్రశ్నావళులు, ముఖాముఖి సంభాషణ, చాలాచోట్ల ఏడాస్-2 అనే పద్ధతిలో ఒక గంట దాకా సాగే పరిశీలన, తల్లిదండ్రులతోనో అన్నదమ్ములతోనో చిన్ననాటి విషయాల మీద సుదీర్ఘమైన ఇంటర్వ్యూ ఉంటాయి. తర్వాత బృందం కూర్చుని చర్చిస్తుంది. ఆందోళన, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని స్థితి), చిన్నప్పుడు మనసుకు తగిలిన గాయాల ప్రభావం, వీటిలో ఏది ఏదో విడదీయాలి. ఒక్కోసారి రెండు మూడు కలిసే ఉంటాయి. చివర రిపోర్టు రాయాలి. రోగి క్లినిక్‌లో గడిపేది రెండు మూడు గంటలే అయినా, వెనక నిపుణుల సమయం దానికి రెండు మూడు రెట్లు ఖర్చవుతుంది. ఈ పని చేయడానికి శిక్షణ ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు, స్పీచ్ థెరపిస్టులు పరిమితంగానే ఉన్నారు. వాళ్లలో చాలామంది వేరే మానసిక ఆరోగ్య సేవల్లో కూడా కావలసినవాళ్లే.

"ఎంతకాలం ఆగాలి?" అంటే మూడు వేర్వేరు జవాబులు

పత్రికల్లో ఒక సంఖ్య, స్థానిక ఎన్‌హెచ్‌ఎస్ సేవలు నడిపే ట్రస్టు వెబ్‌సైట్‌లో ఇంకో సంఖ్య, పక్కింటివాళ్ల అనుభవం మరొకటి. అందరూ నిజమే చెబుతున్నారు, కానీ ఒక్కొక్కరు ఒక్కో దూరం కొలుస్తున్నారు.

మొదట, 13 వారాలు అనే లెక్క ఎక్కడిదో చూద్దాం. ఇంగ్లండ్‌లో చికిత్సా ప్రమాణాలు రూపొందించే నైస్ సంస్థ 2014లో, రిఫరల్ అయిన మూడు నెలల్లోపు అసెస్‌మెంట్ మొదలవ్వాలని ఒక ప్రమాణం పెట్టింది. "మొదలవ్వాలి" అన్నదే గాని "పూర్తవ్వాలి" అనలేదు. పైగా ఇది ప్రమాణమే, చట్టం కాదు. ఆసుపత్రి చికిత్సలకు వర్తించే 18 వారాల నియమం కన్సల్టెంట్ ఆధ్వర్యంలో నడిచే సేవలకు సంబంధించింది. ఆటిజం అసెస్‌మెంట్లు చాలావరకు ఆ గొడుగు కిందికి రావు. 13 వారాలు దాటినందుకు ఎవరికీ జరిమానా పడదు. గట్టి నియమం ఉన్న సేవలకు డబ్బు ముందు వెళ్తుంది, ఇలాంటివి వెనకబడతాయి. నా దృష్టిలో ఈ సమస్యకు మూలకారణాల్లో ఇది ముఖ్యమైనది, మిగతావాటంత చర్చకు రానిది కూడా.

ఇక కొలతలు. మొదటిది, రిఫరల్ నుంచి మొదటి అపాయింట్‌మెంట్ దాకా. కొన్నిచోట్ల ఈ మొదటి అపాయింట్‌మెంట్ ఇరవై నిమిషాల ఫోన్ కాల్. అది అవగానే కాగితాల మీద నిరీక్షణ ముగిసినట్టే, మనిషి మాత్రం ఇంకా అక్కడే ఉంటాడు. రెండోది, రిఫరల్ నుంచి ఫలితం చేతికొచ్చే దాకా. మూడోది, ఇంకా క్యూలో ఉన్నవాళ్లు ఇప్పటిదాకా ఎంతకాలం ఆగారన్నది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక క్లినిక్‌కు ముగ్గురు రిఫర్ అయ్యారనుకోండి. మొదటి వ్యక్తి ఉద్యోగం ఊడే పరిస్థితిలో ఉండటంతో ముందుగా పిలిచారు, 20 వారాల్లో తేలింది. మిగతా ఇద్దరు 100 వారాలుగా ఆగుతూనే ఉన్నారు. "పూర్తయిన కేసుల్లో సగటు నిరీక్షణ ఎంత?" అని అడిగితే జవాబు 20 వారాలు. "క్యూలో ఉన్నవాళ్లు ఎంతకాలంగా ఉన్నారు?" అని అడిగితే 100 వారాలు. రెండూ ఒకే క్లినిక్ గురించి చెప్పిన నిజాలే. అందుకే ఏ సంఖ్య కనబడ్డా అది చూసి ముగించినవాళ్లదా, ఇంకా ఆగుతున్నవాళ్లదా అన్నది చూడాలి.

మొత్తం సంఖ్యలోనూ చిక్కులున్నాయి. ఒకే మనిషి స్థానిక లిస్టులోనూ, వేరే సంస్థ లిస్టులోనూ ఉంటే రెండుసార్లు లెక్కలోకి రావచ్చు. మరోవైపు, "మీకింకా ఆసక్తి ఉందా?" అని వచ్చిన ఉత్తరానికి గడువులోపు జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. ఇల్లు మారినవాళ్లు, ఉత్తరాలు తెరవడమే భారంగా ఉన్నవాళ్లు ఇలా రాలిపోతారు. ఫారాలు, గడువులు, ఫోన్ కాల్స్ అంటేనే ఇబ్బంది పడే మనుషుల కోసం పెట్టిన సేవ, ఫారాలు నింపి ఫోన్లు చేయగలిగిన వాళ్లనే చివరిదాకా ఉంచుతోంది.

డబ్బు పెంచినా క్యూ ఎందుకు తగ్గదు

ఇది చాలామందికి అర్థం కాని భాగం. కొత్తగా నిధులిచ్చాం అంటుంది ప్రభుత్వం. అయినా నిరీక్షణ తగ్గలేదంటారు జనం. అంకెలు పెట్టి చూస్తే ఇద్దరి మాటా అర్థమవుతుంది. కింది అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి.

ఒక క్లినిక్ వారానికి 10 అసెస్‌మెంట్లు చేయగలదు. వారానికి వచ్చే రిఫరల్స్ కూడా 10. క్యూ లేదు. ఇప్పుడు రిఫరల్స్ 16కి పెరిగాయి, సిబ్బంది మాత్రం అంతే. ప్రతి వారం ఆరుగురు మిగిలిపోతారు. ఏడాదికి 312 మంది. కొత్తగా చేరినవాళ్ల ముందు 312 మంది, వారానికి 10 చొప్పున అంటే 31 వారాలు ఆగాలి. రెండో ఏడాది చివరికి 624 మంది, 62 వారాలు. మూడో ఏడాది చివరికి 936 మంది, దాదాపు ఏడాదీ పది నెలలు.

అప్పుడు మేల్కొని సిబ్బందిని పెంచి, వారానికి 16 చేసేలా చేశారనుకుందాం. అరవై శాతం పెంపు. ఏ మేనేజర్‌కైనా పెద్ద విజయమే. కానీ వచ్చేవాళ్లూ 16, వెళ్లేవాళ్లూ 16. ఆ 936 మంది క్యూ అలాగే ఉంటుంది, ఒక్కరు కూడా తగ్గరు. నిరీక్షణ మాత్రం 58 వారాల దగ్గర నిలుస్తుంది. పేరుకున్నది రెండేళ్లలో కరగాలంటే వారానికి ఇంకో తొమ్మిది, అంటే మొత్తం 25 చేయాలి. మొదట ఉన్నదానికి రెండున్నర రెట్లు. రెండేళ్ల తర్వాత ఆ తొమ్మిదింటికి పెట్టిన సిబ్బంది అవసరం ఉండదు. అంతమంది నిపుణుల్ని రెండేళ్ల కోసం ఎక్కణ్నుంచి తేవాలి, తర్వాత ఏం చేయాలి అన్న దగ్గర చాలా ప్రణాళికలు ఆగిపోతాయి. ఏడాదికోసారి ఇచ్చే చిన్న చిన్న నిధులు ఈ లెక్కను మార్చలేవు.

ఇంతమంది ఒక్కసారి ఎక్కడ్నుంచి వచ్చారు

ఇక్కడ చరిత్ర చూడక తప్పదు. సైకియాట్రిస్టు లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణించినప్పటి నుంచి దశాబ్దాల పాటు దాన్ని చిన్నపిల్లల్లో అరుదుగా కనిపించే తీవ్రమైన స్థితిగానే చూశారు. 1979లో పరిశోధకులు లోర్నా వింగ్, జుడిత్ గుల్డ్ లండన్‌లోని కాంబర్‌వెల్ పిల్లల మీద చేసిన అధ్యయనం ఆ చిత్రాన్ని వెడల్పు చేసింది. 1981లో వింగ్ రాసిన వ్యాసంతో ఆస్పర్జర్ సిండ్రోమ్ (మాటలూ తెలివీ మామూలుగానే ఉండే ఆటిజం రూపం) అనే మాట ఇంగ్లిష్ వైద్యలోకంలో పాకింది. అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణ పుస్తకంలోకి అది 1994లో వచ్చింది. 2013లో ఈ రూపాలన్నిటినీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. ఏడీహెచ్‌డీ, ఆటిజం ఒకే మనిషికి కలిపి చెప్పడానికి ఆ వర్గీకరణ ఒప్పుకున్నది కూడా 2013లోనే.

ఆ తేదీల పక్కన పుట్టిన సంవత్సరాలు పెట్టి చూడండి. 1972లో పుట్టి, మాటలు సరిగ్గా వచ్చి, చదువులో ముందుండే అమ్మాయిని ఆమె బడిలో ఉన్నంతకాలం ఆటిజం కోణంలో చూసే అవకాశమే లేదు. 1985లో పుట్టిన అబ్బాయికి అదృష్టం బాగుంటే పదో తరగతి వయసులో ఎవరో ఒకరు గమనించి ఉండవచ్చు. వీళ్లందరూ ఇప్పుడు పెద్దవాళ్లు. ఇంగ్లండ్‌లో 2007లో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను పరీక్షించిన జాతీయ సర్వే, ఆటిజం దాదాపు ఒక శాతం మందిలో ఉందని, పెద్ద వయసువాళ్లలోనూ అంతే ఉందని చెప్పింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం, ఇంగ్లండ్‌లో ఆటిజం ఉన్న యాభై దాటిన వాళ్లలో పది మందికి తొమ్మిది మంది దాకా ఆ విషయం తేలకుండానే ఉన్నారు.

2009లో పార్లమెంటు ఆటిజం చట్టం చేసింది. ఒక ప్రత్యేక వైకల్యం పేరుతో ఇంగ్లండ్‌లో వచ్చిన మొదటి చట్టం ఇదే. పెద్దవాళ్ల కోసం జాతీయ వ్యూహం ఉండాలని, అసెస్‌మెంట్‌కు దారి ఉండాలని దీని ఉద్దేశం. తలుపు తెరిచారు. లోపల కుర్చీలు చాలినన్ని వేయలేదు. యూకేలో ఆటిజం నిర్ధారణలు 1998 నుంచి 2018 మధ్య 787 శాతం పెరిగాయని 2021లో వచ్చిన అధ్యయనం చూపించింది. పెరుగుదల పెద్దవాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించింది. కాబట్టి నేటి క్యూను నేటి సమస్యగా మాత్రమే చూడటం సరికాదు. నలభై ఏళ్ల బకాయి ఇప్పుడు వసూలుకొచ్చింది.

అవసరం పెరిగిందా, నిర్ధారణే ఎక్కువైందా

దీనిపై వైద్యుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, రెండు వైపులా ఆలోచించదగ్గ మాటలున్నాయి.

ఒక వాదన: ఏది ఆటిజం, ఏది కాదు అన్న గీత మరీ దూరం జరిగింది. సోషల్ మీడియాలో నిమిషం వీడియోలు చూసి, మామూలు బిడియాన్నీ అలసటనూ జనం ఆటిజంగా అనుకుంటున్నారు. ఆందోళనకో, పాత గాయాలకో చికిత్స అందాల్సినవాళ్లకు వేరే పేరు తగిలిస్తే అసలు చికిత్స ఆలస్యమవుతుంది. స్పెక్ట్రమ్ ఇంత వెడల్పయితే, మాటలే రాని, ఇరవైనాలుగు గంటలూ ఒకరు తోడుండాల్సిన మనుషుల అవసరాలు వెనక్కిపోతాయి. ఈ చివరి మాట చెప్పేవాళ్లలో అలాంటి పిల్లల తల్లిదండ్రులు కూడా ఉన్నారు. దాన్ని తేలిగ్గా తీసేయలేం.

రెండో వాదన: పైన చెప్పిన లెక్కల ప్రకారం పెద్దవాళ్లలో ఎక్కువమంది ఇంకా తేలనే లేదు, అప్పుడే ఎక్కువైందని ఎలా అంటారు? ఆటిజం ఉన్నా ఏళ్ల తరబడి ఇతరుల్ని చూసి నేర్చుకుని, నవ్వాల్సినచోట నవ్వి, ఇంటికొచ్చి కూలబడేవాళ్లు బయటికి మామూలుగానే కనిపిస్తారు. దీన్నే మాస్కింగ్ అంటున్నారు. దానికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. 2014లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద వయసులో ఆస్పర్జర్ అని తేలిన 374 మందిలో 66 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. క్లినిక్ దాకా వచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఆటిజం ఉన్న అందరికీ దీన్ని అంటగట్టకూడదు. కానీ ఈ క్యూలో ఎలాంటివాళ్లు ఉన్నారో ఇది చెబుతుంది. ఇలాంటి ఆలోచనలతో ఉన్నవాళ్లు ఆటిజం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. బ్రిటన్‌లో 116 123, భారతదేశంలో 14416 హెల్ప్‌లైన్ నంబర్లు రాత్రీపగలూ పనిచేస్తాయి.

ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేయవు. కొందరికి పొరపాటున ఆటిజం అని చెప్పే అవకాశమూ ఉంది, ఇంకెందరికో చెప్పాల్సింది చెప్పకుండా మిగిలిపోయిన మాటా నిజమే. అసెస్‌మెంట్ తొందరగా, సరిగ్గా జరిగితే ఇద్దరికీ మేలే. లేదని తేలడం కూడా మనిషికి అవసరమైన సమాధానమే. మూడేళ్లు ఆగి "లేదు" అనిపించుకున్న మనిషి, అసలు ఇబ్బందికి చికిత్స మొదలుపెట్టాల్సిన మూడేళ్లు పోగొట్టుకున్నట్టే.

2025 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం మానసిక ఆరోగ్యం, ఏడీహెచ్‌డీ, ఆటిజం సేవలకు డిమాండ్ ఎందుకు పెరుగుతోందో చూడమని ప్రొఫెసర్ పీటర్ ఫోనగీ అధ్యక్షతన స్వతంత్ర సమీక్ష ప్రకటించింది. అంతకు ముందు నెలలోనే పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఒకటి 2009 చట్టం అమలు మీద తన నివేదిక ఇచ్చింది.

క్యూను కత్తిరించే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2023లో యార్క్, నార్త్ యార్క్‌షైర్ ప్రాంతంలో పెద్దవాళ్లందరినీ ముందు ఆన్‌లైన్ ప్రశ్నావళి నింపమని చెప్పి, తీవ్రమైన ప్రమాదంలో ఉన్నవాళ్లను మాత్రమే అసెస్‌మెంట్‌కు పంపే ప్రయోగాత్మక పథకం మొదలుపెట్టారు. ఉన్న కొద్ది వనరులు బాగా అవసరమైనవాళ్లకు ముందు దక్కాలన్నది దాని వెనకున్న ఆలోచన. ప్రమాదంలో పడేదాకా ఆగమనడం ఏమిటని వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

రైట్ టు చూజ్, ప్రైవేటు: పక్కదారుల్లో ఏముంది

ఇంగ్లండ్‌లో రోగికి ఏ సంస్థ దగ్గర మొదటి అపాయింట్‌మెంట్ కావాలో ఎంచుకునే చట్టబద్ధమైన హక్కుంది. 2014 నుంచి ఇది మానసిక ఆరోగ్య సేవలకూ వర్తిస్తోంది. ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న, ఇంగ్లండ్‌లో ఎక్కడున్న సంస్థకైనా పంపమని జీపీని అడగొచ్చు. ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్‌దే. దీన్నే రైట్ టు చూజ్ అంటారు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లో ఇది లేదు.

దీనివల్ల ఎందరికో నెలల్లోనే తేలింది. అయితే విషయం తెలిసినవాళ్లందరూ అటే వెళ్లడంతో ఆ సంస్థల క్యూలూ పెరిగాయి. ఎంతమందిని చూడొచ్చో పరిమితులు పెట్టడం కూడా మొదలైంది. ఇంకో విమర్శ ఏమిటంటే, ఈ హక్కు సంగతి తెలిసి, జీపీతో వాదించి సాధించగలిగిన చదువుకున్నవాళ్లే ముందుకెళ్తున్నారు. స్థానిక క్లినిక్‌కు వెళ్లాల్సిన డబ్బు బయటి సంస్థలకు పోవడం మరో ఫిర్యాదు.

ప్రైవేటుగా అయితే ఖర్చు సాధారణంగా వెయ్యి పౌండ్లు దాటుతుంది, రెండు వేలు దాటడమూ మామూలే. ఆటిజానికీ ఏడీహెచ్‌డీకీ ఇక్కడ ఒక తేడా ఉంది, చాలామంది దీన్ని కలిపేస్తారు. ఏడీహెచ్‌డీలో నిర్ధారణ తర్వాత మందులు ఉంటాయి కాబట్టి ప్రైవేటు రిపోర్టును జీపీ ఒప్పుకుంటారా లేదా అన్నది పెద్ద సమస్య అవుతుంది. ఆటిజానికి మందు లేదు కాబట్టి ఆ చిక్కు రాదు. కానీ ఒకే మనిషి గంటలో వీడియో కాల్‌లో తేల్చేసిన రిపోర్టును కొన్ని సేవలు ప్రశ్నించవచ్చు. పెద్దవాళ్ల అసెస్‌మెంట్ బృందంగా చేయాలని, చిన్ననాటి వివరాలు వీలైనంతవరకు సేకరించాలని నైస్ మార్గదర్శకాలు 2012 నుంచీ చెబుతున్నాయి.

వీసా మీద ఉన్న తెలుగువాళ్లలో ఒక సందేహం ఎక్కువ. "మనం ఇక్కడి పౌరులం కాదు కదా, ఇలాంటివాటికి అడగొచ్చా?" హెల్త్ సర్‌ఛార్జ్ పేరుతో 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులు 776 పౌండ్లు వీసాతో పాటే కట్టేస్తున్నారు. మూడేళ్ల వర్క్ వీసాకు అది 3,105 పౌండ్లు. ఎన్‌హెచ్‌ఎస్ ఆటిజం అసెస్‌మెంట్ ఆ డబ్బుతో వచ్చే సేవల్లో ఒకటే.

అమ్మ గుంటూరులో, అసెస్‌మెంట్ బర్మింగ్‌హామ్‌లో

వంతు వచ్చాక కూడా మనవాళ్లకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

బర్మింగ్‌హామ్‌లో ఐటీ ఉద్యోగం చేసే 36 ఏళ్ల ఒకామెను ఊహించుకోండి. గుంటూరులో పుట్టి పెరిగింది. ఇంటినిండా జనం, ఆడుకోవడానికి పిన్ని పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్లు, స్నేహితుల్ని వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు. మాట తక్కువ, మార్కులు ఎక్కువ, అందరూ బుద్ధిమంతురాలన్నారు. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా టైమ్‌టేబుల్, ఆమెకు అది హాయిగానే ఉంది. పెళ్లి పెద్దవాళ్లు చూసి చేశారు. ఇరవై అయిదేళ్ల దాకా ఆమె చుట్టూ ఉన్న ఏర్పాట్లే ఆమెను మోశాయి. బ్రిటన్ వచ్చాక అవన్నీ ఒక్కసారి పోయాయి. గోడల్లేని ఆఫీసు, రోజుకో కుర్చీ, సోమవారం పొద్దున్న వీకెండ్ కబుర్లు, పని బాగా చేసినా "టీమ్‌లో కలవడం లేదు" అన్న రివ్యూ. ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకుంటే గాని కోలుకోలేదు.

"వయసు ముప్పై దాటాక కొత్తగా ఆటిజం ఎలా వస్తుంది?" అని బంధువులు అడుగుతారు. కొత్తగా రాలేదు. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండి, చుట్టూ ఉన్న పరిస్థితులు మనిషి సత్తువను మించినప్పుడే పూర్తిగా బయటపడవచ్చని రోగనిర్ధారణ ప్రమాణాల్లోనే రాసి ఉంది.

ఇక చిన్ననాటి ఇంటర్వ్యూ. క్లినిక్ వాళ్లు అమ్మతో వీడియోలో మాట్లాడతారు, దుభాషి ఉంటారు. నాలుగేళ్ల వయసులో ఏదైనా నచ్చితే వేలుపెట్టి మీకు చూపించేదా? బొమ్మతో అన్నం తినిపించే ఆట ఆడేదా? ముప్పై ఏళ్ల కిందటి సంగతి, ముగ్గురు పిల్లల్లో ఏది ఎవరిదో అమ్మకు గుర్తుండదు. పైగా చాలామంది తల్లులకు ఇది నిందలా వినిపిస్తుంది. తన పెంపకంలో లోపం వెతుకుతున్నారనుకుని, కూతురి పేరు పాడవుతుందేమోనని, "మా అమ్మాయికి ఏ లోటూ లేదండీ, అన్నీ టైముకే వచ్చాయి" అనేస్తారు. అన్నం, పప్పు కలిస్తే ముట్టుకునేది కాదన్న సంగతి, స్కూలు బస్సు హారన్‌కు చెవులు మూసుకుని ఏడ్చేదన్న సంగతి, మేనత్తతోనో అక్కతోనో తీరుబడిగా మాట్లాడితే బయటికొస్తుంది. నైస్ మార్గదర్శకాల్లో ఉన్నది తల్లిదండ్రులే రావాలని కాదు. కుటుంబసభ్యులు, జీవిత భాగస్వామి, బాగా తెలిసినవాళ్లు, పాత బడి రిపోర్టులు కూడా పనికొస్తాయి.

పరిశీలన పద్ధతుల్లోనూ సమస్య ఉంది. అవి పాశ్చాత్య దేశాల్లో తయారైనవి. పెద్దవాళ్ల ముందు చూపు దించుకోవడం, అడిగితేనే మాట్లాడటం మనకు మర్యాద, అక్కడ లక్షణంగా కనబడొచ్చు. దానికి విరుద్ధంగా, నిజంగా ఉన్న లక్షణాన్ని "వాళ్ల సంస్కృతి అంతే" అని వదిలేయడమూ జరగొచ్చు. అనుభవమున్న బృందం రెండు వైపులా జాగ్రత్తపడుతుంది. మన ఇళ్లలో ఏది మామూలు, అందులో ఈ మనిషి ఎక్కడ వేరుగా ఉండేది అన్నది అడుగుతుంది.

నిర్ధారణ లేకపోయినా దొరికేవి, అది లేకపోతే దొరకనివి

క్యూలో ఉన్నవాళ్లు చాలామంది, కాగితం చేతికొచ్చేదాకా ఏదీ అడగకూడదనుకుంటారు. చట్టం అలా చెప్పడం లేదు. 2010 ఈక్వాలిటీ చట్టంలో వైకల్యానికి నిర్వచనం, మనిషి రోజువారీ పనుల మీద గణనీయమైన, దీర్ఘకాలిక ప్రభావం చూపే శారీరక లేదా మానసిక లోపం. దీర్ఘకాలికం అంటే 12 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ. డాక్టరు సర్టిఫికెట్ కచ్చితంగా ఉండాలన్న మాట అందులో లేదు. చప్పుడు తక్కువున్న మూల సీటు, ముందే రాసి పంపే మీటింగ్ అజెండా, నోటిమాటగా కాకుండా మెయిల్‌లో పని చెప్పడం లాంటి సర్దుబాట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నప్పుడూ అడగొచ్చు. చాలా యాజమాన్యాలు రిఫరల్ ఉత్తరం చూసే ఇస్తాయి. విభేదం వచ్చి ట్రిబ్యునల్ దాకా వెళ్తే మాత్రం, రిపోర్టు ఉన్నవాళ్లకు నిరూపించడం చాలా సులువవుతుంది.

పిప్ అనే వైకల్య భత్యం కూడా రోగం పేరు మీద కాకుండా, ఏ పనికి ఎంత సాయం కావాలి అన్నదాని మీద నడుస్తుంది. అయితే "పబ్లిక్ ఫండ్స్ వర్తించవు" అన్న షరతుతో వీసా ఉన్నవాళ్లకు ఇది అందదు.

నిర్ధారణ తర్వాత ఏముందన్నదీ చెప్పాలి. ఎన్నో ప్రాంతాల్లో ఒకటి రెండు సెషన్లు, కొన్ని కరపత్రాలు, అంతే. అందుకే కొందరు నిపుణులు, ముందు సాయం మొదలుపెట్టి నిర్ధారణ తర్వాత చూద్దాం అంటున్నారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది దీనికి భయపడుతున్నారు. నిర్ధారణ లేకపోతే ఆ సాయం మొదట కోత పడే పద్దు అవుతుందని వాళ్ల అనుమానం. ఇంకొందరికి ఏ సాయం వచ్చినా రాకపోయినా, ఇన్నేళ్లు తన తప్పనుకున్నది తప్పు కాదని ఒకరు తేల్చి చెప్పడమే కావాలి. దాన్ని వృథా ఖర్చు అనేవాళ్లతో నేను ఏకీభవించలేను.

ఇండియాకు తిరిగొస్తే ఈ రిపోర్టు పనికొస్తుందా

మన దగ్గర చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మన దేశానికి సరిపడేలా ఆటిజం కొలమానం తయారైంది కూడా సికింద్రాబాద్‌లోనే. ఇప్పుడు నీపిడ్ అని పిలుస్తున్న జాతీయ సంస్థ రూపొందించిన ఇసా అనే ఆ కొలమానాన్ని 2009లో విడుదల చేశారు. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 70 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆటిజం ఉన్నట్టు.

అయితే దీన్ని తయారుచేసింది ప్రధానంగా పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని, పైకి స్పష్టంగా కనిపించే లక్షణాల ఆధారంగా. ఉద్యోగం చేసుకుంటూ, మాట్లాడుతూ, లోపల్లోపల నలిగిపోయే పెద్దవాళ్లు ఇందులో సులువుగా తప్పిపోతారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పిల్లల ఆటిజం సెంటర్లు వీధికొకటి కనిపిస్తున్నా, పెద్దవాళ్లను చూసే అనుభవమున్న సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు కొద్దిమందే. ఇంగ్లండ్‌లో లాంటి వెయిటింగ్ లిస్టు మన దగ్గర కనిపించదు. నిలబడటానికి పెద్దవాళ్లకంటూ ఒక ప్రభుత్వ లైనే ఏర్పడలేదు.

బ్రిటన్‌లో తేలిన రిపోర్టును ఇక్కడి డాక్టరు చదివి అర్థం చేసుకోవడానికి తప్పకుండా వాడుకుంటారు. యూడీఐడీ కార్డుకు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) మాత్రం అది చాలదు. ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారుల దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలు అందులో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం నమోదైతేనే వర్తిస్తాయి.